డొమైన్ కూడా అమానతే



పోయిన నెల ఒక జుమ్మా రోజు నమాజ్ అయ్యాక మస్జిద్ మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే, దావత్‌లకు బిర్యానీ వండే ఒక చాచా నా చెయ్యి పట్టుకున్నారు. చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషి. మా అక్క నికాహ్‌కు దేగ్‌లు దించింది ఆయనే. "బేటా, హమారే వెబ్‌సైట్ కు క్యా హువా జరా దేఖ్" అన్నారు గొంతు తగ్గించి. ఫోన్ తీసి చూపించబోయి, చుట్టూ జనం ఉన్నారని మళ్లీ జేబులో పెట్టుకున్నారు. పక్కకు తీసుకెళ్లి చూశాను. ఆయన దుకాణం పేరుతో ఉన్న అడ్రస్ కొడితే పేకాట సైటు తెరుచుకుంటోంది.

ఆయన వ్యాన్ మీద రాయించింది ఆ అడ్రసే. విజిటింగ్ కార్డు మీదా అదే. ఆడపిల్ల పెళ్లికి ఏం వండిస్తారో, ప్లేటు ఎంతో చూద్దామని ఫోన్ తెరిచినవాళ్లకు పేకముక్కలు కనిపిస్తున్నాయి. చాచా ఐదు పూటల నమాజీ. "లోగాఁ క్యా సమ్‌ఝేంగే బేటా" అని అదే మాట రెండుసార్లు అన్నారు.

జరిగింది చాలా మామూలు సంగతి. ఆరేళ్ల కింద మహల్లాలో ఒక కుర్రాడు ఆయనకు సైటు చేసిపెట్టాడు. డొమైన్ పేరును తన ఈమెయిల్ మీద, తన అకౌంట్‌లో రిజిస్టర్ చేశాడు. తర్వాత గల్ఫ్‌లో నౌకరీ దొరికి వెళ్లిపోయాడు. కొన్నేళ్లు గుర్తుపెట్టుకుని రెన్యూ చేశాడు. తర్వాత ఆ పాత ఈమెయిల్ తెరవడమే మానేశాడు. గడువు దాటింది, పేరు బజారులో పడింది. ఏళ్ల తరబడి నడిచిన పేరుకు గూగుల్‌లో కొంత పరపతి ఉంటుంది. దాన్ని వాడుకోవడానికే జూదం సైట్లవాళ్లు ఇలాంటి పేర్లు పడేదాకా కాచుకుని కూర్చుంటారు.

ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు. పైసా తినలేదు. అయినా చాచా ఇజ్జత్‌కు నుక్సాన్ జరిగింది.

అతన్ని తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను. ఇషా తర్వాత కూర్చుంటే నా పాత లెక్కలు గుర్తొచ్చాయి. ఈ పనిలోకి వచ్చిన మొదటి మూడు నాలుగేళ్లు నేనూ అందరి డొమైన్లూ నా అకౌంట్‌లోనే పెట్టుకున్నాను. అడిగినవాళ్లకు "మీకెందుకు సార్ ఆ తలనొప్పి, నేను చూసుకుంటా" అనేవాణ్ణి. పైకి ఖిద్మత్ లాగా కనిపించే మాట అది. నా నియ్యత్ వేరు. పేరు నా గుప్పిట్లో ఉంటే కస్టమర్ ఎక్కడికీ పోడు, డబ్బు ఆపడు.

ఒకసారి ఒక చిన్న స్కూలువాళ్లు బాకీ ఇవ్వలేదు. నాలుగైదుసార్లు తిరిగాను. విసుగొచ్చి సరిగ్గా అడ్మిషన్ల రోజుల్లో వాళ్ల సైటు ఆపేశాను. రెండు రోజులు. మూడో రోజు పొద్దున్నే డబ్బు వచ్చింది. అప్పుడు స్నేహితులకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆ రెండు రోజుల్లో ఎంతమంది అమ్మానాన్నలు ఫోన్ నంబరు కోసం చూసి వెనక్కి పోయారో నాకు తెలియదు. వాళ్లెవరూ నాకు బాకీ లేరు.

అందుకే ఇది రాస్తున్నా. ఈ హునర్ మీద బతికే మన పిల్లలకూ, వాళ్ల చేత పని చేయించుకునే మన కుటుంబాలకూ చెప్పాలనుకున్నది ఒకటే. డొమైన్ కస్టమర్ అమానత్. మొదటి రోజు నుంచీ అతని పేరు మీద, అతని ఈమెయిల్ మీద ఉండాలి. అతను డబ్బు ఇచ్చినా సరే, ఎగ్గొట్టినా సరే.

పేరు కొనుక్కోవడం కాదు, కిరాయి

కంప్యూటర్ తెలియని పెద్దల కోసం కొంచెం వివరంగా చెప్తాను. వెబ్‌సైట్ అంటే ఒక దుకాణం అనుకోండి. డొమైన్ అంటే దుకాణం పేరూ అడ్రసూ. హోస్టింగ్ అంటే అద్దెకు తీసుకున్న గది. లోపల మేం కట్టే షెల్ఫులు, పెట్టే ఫొటోలు, రాసే మాటలు మా మెహనత్. ఈ మూడూ వేర్వేరు. ఒకడే కుర్రాడు మూడూ చూస్తున్నాడు కాబట్టి మనకు ఒకటే అనిపిస్తుంది.

డొమైన్‌ను ఎవరూ శాశ్వతంగా కొనలేరు. ఏడాదికో, రెండేళ్లకో, మహా అయితే పదేళ్లకో కిరాయి కట్టి మన పేరు మీద రాయించుకుంటాం. రాసే కంపెనీని రిజిస్ట్రార్ అంటారు. కిరాయి గడువు దగ్గరపడితే రిజిస్ట్రార్ కబురు పంపాలి. డాట్ కామ్ లాంటి పేర్లకు నిబంధన ఏమిటంటే, గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, గడువు దాటిన ఐదు రోజుల్లోపు ఇంకోసారి తెలియజేయాలి. కానీ ఆ కబురు ఎవరికి వెళ్తుంది? రికార్డులో ఎవరి ఈమెయిల్ ఉంటే వాళ్లకు. చాచా విషయంలో అన్ని కబుర్లూ గల్ఫ్‌లో ఉన్న కుర్రాడి పాత డబ్బాలోకి పోయాయి.

గడువు దాటగానే పేరు వెంటనే పోదు. డాట్ కామ్‌కు మామూలుగా 45 రోజుల దాకా మొహలత్ ఉండవచ్చు, అది రిజిస్ట్రార్‌ను బట్టి మారుతుంది. ఆ తర్వాత ఇంకో 30 రోజులు జుర్మానా కట్టి విడిపించుకోవచ్చు. చివరి ఐదు రోజులు ఎవరూ ఏమీ చేయలేరు. ఆ తర్వాత పేరు ఎవరికి దొరికితే వాళ్లది. కొన్ని కంపెనీలు అంతదాకా ఆగకుండా మొహలత్ రోజుల్లోనే వేలం వేస్తాయి. అంటే చాచాకు కాస్త ముందు తెలిసి ఉంటే కొన్ని వందలో, కొన్ని వేలో కట్టి పేరు కాపాడుకునేవారు. ఆయనకు తెలిసే దారే లేకుండా చేశాం మనం.

ఇంకో సంగతి. రికార్డులో ఎవరి పేరు ఉంటే డొమైన్ హక్కుదారు అతనే. డబ్బు ఎవరు కట్టారన్నది రిజిస్ట్రార్ చూడదు. మీ పైసలతో, మీ తాతగారి పేరుతో తీసుకున్న డొమైన్ కూడా కాగితం ప్రకారం ఆ కుర్రాడిదే అవుతుంది. ఇల్లు మీ డబ్బుతో కొని, రిజిస్ట్రేషన్ మేస్త్రీ పేరు మీద చేయించినట్టు. ఎవరైనా అలా చేస్తారా? వెబ్‌సైట్ దగ్గర మాత్రం రోజూ చేస్తున్నాం.

డబ్బు ఎగ్గొడితే?

ఈ మాట చెప్పగానే నా తోటివాళ్లు కోప్పడతారు. "భాయ్, నీకేం, నువ్వు సెటిలయ్యావు. కస్టమర్లు ఎలా ఏడిపిస్తారో మర్చిపోయావా?" అంటారు. మర్చిపోలేదు. పని అయ్యేదాకా రోజుకు పదిసార్లు ఫోన్ చేసినవాళ్లు, డబ్బు దగ్గరికి వచ్చేసరికి "అగ్లే హఫ్తే" అంటారు. ఆ హఫ్తా ఎప్పటికీ రాదు. పెద్ద కంపెనీకి వకీలు ఉంటాడు, ఒంటరిగా పని చేసుకునేవాడికి ఎవరున్నారు? డొమైన్ ఒక్కటే అతని చేతిలో ఉన్న ఆయుధం. దాన్ని కూడా ఇచ్చేస్తే ఎలా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. పని చేయించుకుని ఉజ్రత్ ఆపడం జుల్మ్. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమని ప్రవక్త (స) చెప్పిన హదీస్ మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. నుబువ్వత్‌కు ముందు, యవ్వనంలో ఆయన హిల్ఫుల్ ఫుజూల్ అనే ఒప్పందంలో పాల్గొన్నారు. ఆ ఒప్పందం ఎందుకు పుట్టింది? యెమన్ నుంచి మక్కాకు సరుకు తెచ్చిన ఒక పరాయి వ్యాపారికి, సరుకు తీసుకున్న పెద్దమనిషి డబ్బు ఎగ్గొడితే, అతని తరఫున నిలబడటానికి. మెహనత్ చేసినవాడి హక్ అంత పెద్దది.

అయినా ఆ హక్ కోసం అమానత్‌ను పట్టుకోవచ్చా? ఇక్కడ నాకు హిజ్రత్ రాత్రి గుర్తొస్తుంది. మక్కావాళ్లు ప్రవక్త (స)ను చంపడానికి సిద్ధమయ్యారు. ఆ మక్కావాళ్ల సొమ్మే ఆయన దగ్గర దాచుకుని ఉంది, ఎందుకంటే ఆయన వాళ్లకు కూడా అమీన్. ఆయన, ఆయన సహాబాలు ఇళ్లూ ఆస్తులూ వదిలిపోతున్నారు. "వాళ్లు మాది లాక్కున్నారు, మేం వాళ్లది ఉంచుకుంటాం" అనవచ్చు. అనలేదు. ఎవరి అమానత్ వాళ్లకు చేర్చమని హజ్రత్ అలీ (రజి)ని వెనక ఉంచి వెళ్లారు. ప్రాణం తీయడానికి వచ్చినవాళ్ల అమానత్‌కే ఆ లెక్క ఉంటే, పదివేలు బాకీ ఉన్న కస్టమర్ అమానత్‌కు ఏ లెక్క ఉండాలి?

మరి మన డబ్బు? దానికి దారి ఉంది. నాది ఏది, అతనిది ఏది అని ముందే విడదీయాలి. నా మెహనత్ నాది. దాని డబ్బు వచ్చేదాకా అది నా దగ్గరే ఉండవచ్చు. దర్జీ బట్టలు కుట్టి, కుట్టుకూలి ఇచ్చేదాకా దుకాణంలోనే పెట్టుకుంటాడు, ఎవరూ తప్పు పట్టరు. అలాగే నేను సైటు తయారు చేసి నా సర్వర్ మీద చూపిస్తాను. కస్టమర్ చూసుకుంటాడు, మార్పులు చెప్తాడు. మిగతా డబ్బు వచ్చాక అతని డొమైన్‌కు కలుపుతాను. రానంత కాలం కలపను. కానీ అతని పేరు మాత్రం మొదటి రోజే అతని అకౌంట్‌లో ఉంటుంది. నేను నచ్చకపోతే ఇంకొకరి దగ్గరికి పోవచ్చు.

ఇప్పుడు నేను సగం డబ్బు అడ్వాన్స్ తీసుకుంటాను. డిజైన్ ఒప్పుకున్నాక పాతిక శాతం, కలపడానికి ముందు మిగతా పాతిక. స్కూలువాళ్లతో చేసినట్టు నడుస్తున్న దుకాణానికి తాళం వేయడం మానేశాను. మానేశాక బాకీలు పెరగలేదు. నిజానికి తగ్గాయి, ఎందుకంటే ఇప్పుడు డబ్బు మాట మొదటి రోజే మాట్లాడుతున్నాను. ఇంతకు ముందు షర్మ్ అనిపించి మాట్లాడేవాణ్ణి కాదు.

కాగితం రాసుకోండి

మనవాళ్లలో ఒక పాత అలవాటు ఉంది. కాగితం అడిగితే "క్యా మియా, భరోసా నై క్యా?" అంటారు. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ ఏదో తెలుసు కదా. సూరె బఖరా 282. అందులో ఉన్నది అప్పు లావాదేవీలు రాసుకోండి, గవాహులను పెట్టుకోండి, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించకండి అనే తాకీదు. రాసుకోమన్నవాడికి మన భరోసా సంగతి తెలియకనా?

మన పనిలో కాగితం ఇంకో కారణానికి కూడా కావాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా రచన కిందికే వస్తుంది. నౌకరీలో ఉండి జీతానికి రాసిన కోడ్ మామూలుగా యజమానిది. ఇండిపెండెంట్‌గా పని చేసేవాడు రాసిన కోడ్ మీద మొదటి హక్ సాధారణంగా రాసినవాడిదే, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప. పూర్తి డబ్బు కట్టిన కస్టమర్‌కు ఈ సంగతి తెలియదు, అంతా తనదే అనుకుంటాడు. చేసినవాడికీ తెలియదు. గొడవ వచ్చినప్పుడు ఇద్దరూ ఆశ్చర్యపోతారు. అందుకని ఒక్క పేజీ చాలు, సాదా తెలుగులో. డొమైన్ ఎవరిది, హోస్టింగ్ ఎవరి పేరు మీద, డబ్బు మొత్తం ముట్టాక కోడ్ హక్ ఎవరికి, ఏడాది ఖర్చు ఎంత, ఎవరైనా మానుకుంటే ఏమేం అప్పగించాలి. ఇద్దరి సంతకాలు. వాట్సాప్‌లో పంపి "ఒప్పుకున్నాను" అని జవాబు తీసుకున్నా ఏమీ లేనిదానికన్నా మేలే.

తడిసిన ధాన్యం

అమానత్ అంటే డొమైన్ ఒక్కటే అనుకోకండి. కస్టమర్‌కు తెలియని చోటే మా పని అంతా జరుగుతుంది. అందుకే మాకు మోసం చేయడం చాలా సులువు.

ప్రవక్త (స) బజారులో ఒక ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి చూశారు. పైన పొడిగా ఉంది, లోపల తడి తగిలింది. తడిసినదాన్ని పైన ఎందుకు పెట్టలేదని అమ్మేవాణ్ణి అడిగారు. వెబ్‌సైట్ల బజారులో తడిసిన ధాన్యం ఎలా ఉంటుందో చెప్తాను.

డబ్బు పెట్టి కొనాల్సిన థీమ్‌లను, ప్లగిన్‌లను దొంగ కాపీలు దింపి పెడతారు. కస్టమర్ దగ్గర అసలు ధర తీసుకుంటారు. ఆ కాపీల్లో చాలాసార్లు దొంగ కోడ్ దాగి ఉంటుంది, కొన్నాళ్లకు సైటు నుంచి వచ్చినవాళ్లు ఎక్కడెక్కడికో పోతారు. అడ్రస్ పక్కన తాళం గుర్తు రావడానికి కావలసిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఏళ్లుగా ముఫ్త్‌గా ఇస్తోంది. దాన్ని పెట్టి "సెక్యూరిటీ కంపెనీకి కట్టాలి" అని ఏటా మూడు వేలు తీసుకునేవాళ్లు ఉన్నారు. పెట్టిన మెహనత్‌కు ఉజ్రత్ తీసుకోవడం హలాల్. కంపెనీ తీసుకుంది అని చెప్పడం ఝూట్.

బ్యాకప్ తీయకుండా "రోజూ తీస్తున్నాం" అనడం కూడా అదే రాశి. ఇది నేను చాలామంది దగ్గర విన్నాను. సైటు పడిపోయిన రోజే నిజం బయటపడుతుంది. కస్టమర్లకు నా సలహా: నెలకోసారి బ్యాకప్ ఫైలు మీ డ్రైవ్‌లోకి పంపమని అడగండి. నిజంగా తీస్తున్నవాడికి అది ఐదు నిమిషాల పని.

ప్రచారంలో నజష్

ఇక ప్రచారం. సైటు కట్టడం కన్నా దాన్ని జనంలోకి తీసుకెళ్లడంలోనే ఇప్పుడు డబ్బు ఎక్కువ. అబద్ధాలూ అక్కడే ఎక్కువ.

"నెలలో గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ" అని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి. మొదటి స్థానం గ్యారంటీగా ఎవరూ ఇప్పించలేరని గూగులే తన సలహాల్లో రాసి పెట్టింది. కొనుక్కున్న లింకులతో పైకి తెస్తామనేవాళ్లు కూడా గూగుల్ నిబంధనలకు ఎదురు పోతున్నవాళ్లే. పట్టుబడిన రోజు కిందికి పోయేది వాళ్ల సైటు కాదు, మీ సైటు.

దొంగ రివ్యూల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని మనవాళ్లు గునాహ్ అనుకోవడం లేదు. "భాయ్, ఓ యాభై ఫైవ్ స్టార్లు కొట్టించు" అని టోపీ పెట్టుకున్న పెద్దమనిషే అడుగుతాడు. ఫిఖ్‌లో నజష్ అని ఒక మాట ఉంది. కొనే ఉద్దేశం లేకుండా, వేరేవాళ్లను ఊరించి ధర పెంచడానికి వేలంలో పాట పాడటం. ప్రవక్త (స) దాన్ని స్పష్టంగా మనా చేశారు. తినని బిర్యానీకి ఐదు నక్షత్రాలు ఇవ్వడం, ఉండని లాడ్జీని మెచ్చుకోవడం, పోటీ దుకాణానికి ఒక నక్షత్రం ఇప్పించడం నజష్ కాక మరేమిటి? పాట పాడే మనిషి మారాడు, మోసపోయేది మాత్రం పాత ఖరీదుదారే. మన ప్రభుత్వం కూడా ఆన్‌లైన్ రివ్యూల మీద 2022లో ఒక ప్రమాణం తెచ్చింది, ఐఎస్ 19000 అని. దొంగ రివ్యూ వినియోగదారుణ్ణి మోసం చేయడమే అన్నది ఇప్పుడు అందరూ ఒప్పుకున్న మాట.

మరి హలాల్‌గా ప్రచారం ఎలా? నాకు పని చేసినవి చెప్తాను. గూగుల్ మ్యాప్‌లో దుకాణం పేరు పెట్టుకోవడం ముఫ్త్. సరైన ఫోన్ నంబరు, తెరిచే వేళలు, జుమ్మాకు మూసే వేళ, సొంత ఫొటోలు పెట్టండి. ఇంటర్నెట్‌లో దొరికిన ఎవరిదో బిర్యానీ ఫొటో వద్దు. నిజంగా తిన్న కస్టమర్‌ను రివ్యూ రాయమని అడగండి, ఏం రాయాలో చెప్పకండి. సైటు తక్కువ ధర ఫోన్‌లో, బలహీనమైన సిగ్నల్ మీద తెరుచుకునేలా తేలిగ్గా ఉండాలి. మన కస్టమర్లలో చాలామంది చేతిలో ఉన్నది అదే ఫోన్.

అన్నిటికన్నా ముఖ్యం, తెలుగులో రాయండి. మన కుటుంబాలు ఇంట్లో ఉర్దూ మాట్లాడినా, చదువుకున్నది చాలామటుకు తెలుగు బడిలో. అయినా మన సైట్లన్నీ ఎవరికీ రాని ఇంగ్లీషులో ఉంటాయి. ఇక్కడో చిక్కు ఉంది. ప్రింటింగ్ ప్రెస్సువాళ్లు ఇచ్చే మేటర్ తరచుగా అను ఫాంట్లలో ఉంటుంది. దాన్ని అలాగే సైటులో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిచూసి పెట్టాలి. ఉర్దూ పేరు పెట్టాలంటే ఇన్‌పేజ్‌లో కొట్టించి బొమ్మగా అతికించకండి. నస్తాలీఖ్ యూనికోడ్ ఫాంట్లు ముఫ్త్‌గా దొరుకుతున్నాయి, కుడి నుంచి ఎడమకు దిశ చెప్తే చాలు. బొమ్మగా పెట్టిన పేరును ఎవరూ వెతికి పట్టుకోలేరు.

ఒద్దనాల్సిన పని

మొదట్లో చెప్పిన పేకాట సైటును కూడా ఎవరో ఒక డెవలపర్ కట్టాడు. అలాంటి పనులు నాకూ వచ్చాయి. మామూలు పనికి రెండింతలు ఇస్తామంటారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటికీ అదే చెప్పింది, వాటి ప్రచారాన్ని కూడా కలిపి. మనకైతే ఖుర్ఆన్ ఎప్పుడో చెప్పింది. "నేను ఆడటం లేదు, సైటు మాత్రమే కడుతున్నా" అనే వాదన నాకు ఎక్కదు. సారాయి దుకాణానికి షట్టర్ బిగించినవాడికి ఆ దుకాణం ఏమిటో తెలియదా? పిల్లలు ఈ పనులు ఒద్దన్నప్పుడు ఇంట్లో అమ్మీ అబ్బాలు వాళ్లను మెచ్చుకోవాలి. నెల జీతం లేని పిల్లవాడు పెద్ద మొత్తం వదులుకోవడం చిన్న సంగతి కాదు.

మస్జిద్ సైటు సంగతి

మన మస్జిద్‌లకు, మదర్సాలకు, బైతుల్‌మాల్‌లకు ఎవరో ఒక నౌజవాన్ సవాబ్ కోసం ముఫ్త్‌గా సైటు చేసిపెడతాడు. అల్లాహ్ అతనికి అజ్ర్ ఇవ్వాలి. కానీ డొమైన్ అతని పేరు మీద, లేదా అప్పటి సదర్ సాబ్ సొంత ఈమెయిల్ మీద ఉంటుంది. కమిటీ మారుతుంది. కుర్రాడు ఊరు మారతాడు. గొడవలైతే పాతవాళ్లు పాస్‌వర్డ్ ఇవ్వరు.

ఆ సైటు మీద ఏముంటుంది? రమజాన్ టైమ్‌టేబుల్, నమాజ్ వేళలు, జకాత్, సదఖా పంపే క్యూఆర్ కోడ్. చాచా పేరు పేకాటవాళ్ల చేతిలో పడింది. మస్జిద్ పేరు ఏ దొంగ చేతిలోనో పడితే? అదే పేరు, అదే మినార్ ఫొటో, కింద అతని క్యూఆర్ కోడ్. దుబాయిలో, అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇరవై ఏడో రాత్రి కళ్లు మూసుకుని పంపే డబ్బు ఎవరికి పోతుంది? ఇది ఊహించడానికే భయంగా ఉంది. ఆపడం మాత్రం తేలిక. కమిటీకి ఒక ప్రత్యేక ఈమెయిల్ పెట్టండి. డొమైన్ ఆ ఈమెయిల్ మీద ఉంచి, వీలైనన్ని ఏళ్లకు ఒకేసారి కట్టేయండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవర్‌లో పెట్టి, మస్జిద్ దస్తావేజుల బీరువాలో పెట్టండి. కమిటీ మారిన రోజు తాళాలతో పాటు అది కూడా అప్పగించండి. రెండో ఫోన్ నంబరు కూడా ఎక్కించండి.

ఇంకో మాట. ముఫ్త్‌గా చేయించుకోవడం తగ్గించండి. సున్నం వేసేవాడికి, కరెంటు పనివాడికి కమిటీ కూలి ఇస్తుంది. కంప్యూటర్ పనివాణ్ణి మాత్రం "దీన్ కా కామ్ హై బేటా" అంటుంది. అతనూ మొహమాటానికి ఒప్పుకుంటాడు, ఆర్నెల్లకు వదిలేస్తాడు. కొంచెమైనా ఇచ్చి హిసాబ్ అడగండి. ఇచ్చిన చోటే అడిగే హక్ ఉంటుంది.

ఈ పూట చేయవలసింది

దుకాణం, స్కూలు, క్లినిక్, కేటరింగ్, ఏదైనా సరే, మీ పేరుతో సైటు ఉంటే ఈ పూటే ఇంట్లో చదువుకున్న అబ్బాయినో అమ్మాయినో కూర్చోబెట్టుకోండి. డొమైన్ ఏ రిజిస్ట్రార్ దగ్గర ఉంది, గడువు ఏ తేదీ అన్నది హూయిజ్ అనే వెతుకులాటలో ఎవరైనా ముఫ్త్‌గా చూడవచ్చు. ఆ తేదీ ఇంటి క్యాలెండర్ మీద రాయండి. తర్వాత సైటు చేసినవాడికి ఫోన్ చేసి, డొమైన్ నా ఈమెయిల్ మీదికి మార్చమని నెమ్మదిగా అడగండి. దొంగా అన్నట్టు అడగకండి. చాలామంది నా లాగా, ఆ గల్ఫ్ కుర్రాడి లాగా, అలవాటు కొద్దీ పెట్టుకున్నవాళ్లే. మార్చినందుకు పనిగంట ఖర్చు అడిగితే ఇవ్వండి.

ఈ పని చేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ అకౌంట్‌లో ఎవరెవరి పేర్లు ఉన్నాయో ఒకసారి చూసుకోండి. నాకు జాబితా రాస్తే పందొమ్మిది తేలాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అప్పగించడానికి మూడు వారాలు పట్టింది. అందులో ఇద్దరు నాకు ఇంకా బాకీ ఉన్నారు. వాళ్లవీ ఇచ్చేశాను. ఆ స్కూలు కరస్పాండెంట్‌కు కూడా ఫోన్ చేసి మాఫీ అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వచ్చే ఏడాది సైటు మార్చాలి, ఒకసారి రండి" అన్నారు.

చాచా పాత పేరు తిరిగి రాలేదు. కొన్నవాళ్లు చెప్పిన ధరకు రెండు వ్యాన్లు వస్తాయి. కొత్త పేరు తీసుకున్నాం, ఆయన మనవరాలు తన చేత్తోనే ఆయన ఈమెయిల్ మీద రిజిస్టర్ చేసింది. ఇంటర్ చదువుతోంది ఆ అమ్మాయి, నేను పక్కన కూర్చుని చూశానంతే. వ్యాన్ మీద పాత అడ్రస్ చెరిపించి కొత్తది రాయించారు. పెయింటర్‌కు ఎంత ఇచ్చారో నాకూ అంత ఇవ్వబోయారు. ఒద్దంటే, "నక్కో బేటా, మెహనత్ కా హై, లే" అని జేబులో పెట్టారు. తీసుకున్నాను.

అల్లాహ్ మన రోజీని హలాల్ చేసి బర్కత్ ఇవ్వాలి, మన దగ్గర ఉన్న అమానత్‌లను మన చేతుల మీదుగానే వాళ్లవాళ్లకు చేర్పించాలి. ఆమీన్.